చిప్ నిద్రపోయింది, బోర్డు నిద్రపోలేదు: బ్యాటరీ సెన్సర్లపై పాఠకుల ప్రశ్నలు

ఇంట్లో కదలికను, ఉష్ణోగ్రతను పసిగట్టే సెన్సర్లను సొంతంగా కట్టుకుంటున్నవాళ్ల ప్రశ్నలకు ఈసారి చోటిచ్చాం. వచ్చినవాటిలో సగానికి పైగా ఒకే ఫిర్యాదు: సెల్స్ నిలవడం లేదని. కాబట్టి అక్కడే మొదలుపెడదాం.

ప్రశ్న: ఈఎస్‌పీ8266 వైఫై చిప్ ఉన్న నోడ్‌ఎంసీయూ బోర్డుకు డీహెచ్‌టీ22 ఉష్ణోగ్రత-తేమ సెన్సర్ తగిలించి, మూడు ఏఏ సెల్స్ మీద నడుపుతున్నాను. ఐదు నిమిషాలకోసారి గది ఉష్ణోగ్రతను వైఫైలో పంపి డీప్ స్లీప్‌లోకి వెళ్లేలా ప్రోగ్రాం రాశాను. ఈఎస్‌పీ8266 నిద్రలో 20 మైక్రో ఆంపియర్లే తీసుకుంటుందని చదివాను. మరి పది రోజులకే సెల్స్ ఎందుకు ఖాళీ అవుతున్నాయి?

జవాబు: మీరు చదివింది నిజమే, కానీ అది చిప్ లెక్క. చిప్ నిద్రపోతోంది, దాని చుట్టూ ఉన్న బోర్డు మేలుకునే ఉంటోంది. ఈ బోర్డుల మీద ఎక్కువగా కనిపించే ఏఎంఎస్1117 రెగ్యులేటర్ (వోల్టేజీని స్థిరంగా ఉంచే చిప్) ఏ పనీ లేకున్నా దాదాపు 5 మిల్లీ ఆంపియర్లు మింగుతుంది. యూఎస్‌బీ చిప్, పవర్ ఎల్ఈడీ ఉంటే వాటి వాటా వేరే. మొత్తం 8 మిల్లీ ఆంపియర్లు అనుకోండి. 2500 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్-గంటల) సెల్‌ను 8తో భాగిస్తే 312 గంటలు, అంటే పదమూడు రోజులు. మేలుకుని వైఫైలో పంపే ఖర్చు కూడా కలిపితే మీ పది రోజులకు దగ్గరగా వస్తుంది.

బోర్డును పక్కన పెట్టి విడి ఈఎస్‌పీ-12ఎఫ్ మాడ్యూల్ (అదే చిప్, చుట్టూ బోర్డు లేకుండా) వాడండి. రెగ్యులేటర్‌గా 3.3 వోల్టుల ఎంసీపీ1700 పెట్టండి, దాని సొంత వాడకం 2 మైక్రో ఆంపియర్లు కూడా ఉండదు. అయితే అది ఇవ్వగలిగేది 250 మిల్లీ ఆంపియర్లే, వైఫై మొదలయ్యే క్షణంలో ఈఎస్‌పీ అంతకన్నా ఎక్కువ గుంజుతుంది. అందుకని మాడ్యూల్ కాళ్ల దగ్గరే 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి, దాని పక్కన 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ ఒకటి టంకం వేయాలి. ఈఎన్, రీసెట్, జీపీఐఓ0, జీపీఐఓ2 కాళ్లను 10 కిలో ఓమ్‌లతో పైకి (3.3 వోల్టులకు), జీపీఐఓ15ను 10 కిలో ఓమ్‌లతో గ్రౌండ్‌కు కట్టాలి. జీపీఐఓ16ను రీసెట్‌కు కలపకపోతే అది కుంభకర్ణుడి నిద్రే, మళ్లీ లేవదు.

ఇంతటితో సగం పనే అయింది. ప్రతిసారీ వైఫైకి కలవడానికి 5 సెకన్లు, సగటున 80 మిల్లీ ఆంపియర్లు పడుతున్నాయనుకుంటే 400 మిల్లీ ఆంపియర్-సెకన్లు. దాన్ని 300 సెకన్ల మీద పంచితే సగటు 1.33 మిల్లీ ఆంపియర్లు. సెల్స్ 78 రోజులు వస్తాయి. ఇక్కడ నిద్ర ఖర్చు లెక్కలోకే రాదు, తినేదంతా ఆ ఐదు సెకన్లే. ఐపీ అడ్రసును ప్రోగ్రాంలోనే స్థిరంగా రాసేయండి. రౌటర్ ఛానల్‌ను, దాని బీఎస్ఎస్ఐడీని (రౌటర్ గుర్తింపు సంఖ్యను) నిద్రలోనూ చెరగని ఆర్‌టీసీ మెమరీలో దాచుకుని తర్వాతిసారి నేరుగా వాటితోనే కలవండి. మేలుకునే సమయం ఒక సెకనుకు దిగితే సగటు 0.29 మిల్లీ ఆంపియర్లు, సెల్స్ దాదాపు ఏడాది వస్తాయి. డీహెచ్‌టీ22ను కూడా మార్చేయండి. కరెంటు ఇచ్చాక అది కుదురుకోవడానికే సెకను, రెండు సెకన్లు పడుతుంది, అంతసేపూ ఈఎస్‌పీ ఎదురుచూస్తూ కూర్చోవాలి. ఎస్‌హెచ్‌టీ30 సెన్సర్ అయితే 15 మిల్లీసెకన్లలో జవాబు చెప్పేస్తుంది.

ఒక గుంత గురించి ముందే హెచ్చరిస్తున్నాం. రౌటర్ ఆగిపోయిన రాత్రి మీ సెన్సర్ ఏం చేస్తుంది? "కలిసేదాకా ప్రయత్నించు" అని రాసి ఉంటే, నిద్రపోకుండా 80 మిల్లీ ఆంపియర్లు లాగుతూ 31 గంటల్లో సెల్స్‌ను పీల్చేస్తుంది. 5 సెకన్లలో కలవకపోతే వదిలేసి పడుకోవాలని, వరుసగా విఫలమైతే నిద్రను రెట్టింపు చేసుకుంటూ పోవాలని తప్పనిసరిగా రాయండి.

ప్రశ్న: రెండు ఏఏ సెల్స్‌తో రెండు మూడేళ్లు నడిచే సెన్సర్ కావాలి. వైఫై వద్దనుకుంటే ఏం వాడాలి?

జవాబు: 3.3 వోల్టులు, 8 మెగాహెర్ట్జ్ ఆర్డ్యూనో ప్రో మినీ బోర్డు, ఎన్‌ఆర్‌ఎఫ్24ఎల్01+ రేడియో, ఎస్‌ఐ7021 ఉష్ణోగ్రత-తేమ సెన్సర్, రెండు సెల్స్ పట్టే హోల్డర్, 10 మైక్రోఫారడ్ కెపాసిటర్. సామాను అంతే. ఇవన్నీ 3.6 వోల్టుల లోపు, రెగ్యులేటర్ అవసరం లేకుండా సెల్స్ మీద నేరుగా నడుస్తాయి. సెన్సర్ బ్రేకౌట్ బోర్డు మీద రెగ్యులేటర్ ఉంటే దాన్ని కూడా దాటవేయండి. సందేశాలను అందుకునే గేట్‌వే మాత్రం గోడ ప్లగ్గు మీదే ఉండాలి. అది రేయింబవళ్లు వింటూ ఉండాల్సిందే కాబట్టి దానికి బ్యాటరీ పెట్టే ఆలోచన చేయకండి.

ప్రో మినీ మీద పవర్ ఎల్ఈడీని, రెగ్యులేటర్‌ను పీకేయాలి. ఎల్ఈడీకి ఒకవైపు సోల్డరింగ్ ఐరన్ తాకించి పక్కకు నెడితే ఊడొస్తుంది. రెగ్యులేటర్‌ను సన్నని కటింగ్ ప్లయర్‌తో కాళ్ల దగ్గర కత్తిరించడమే సులువు. రాగి దారులు లేచిపోకుండా చూసుకోండి. తర్వాత సెల్స్ ప్లస్‌ను "రా" (RAW) అని రాసిన చోట కాకుండా వీసీసీ (VCC) కాలుకు ఇవ్వాలి. కెపాసిటర్‌ను రేడియో మాడ్యూల్ పవర్ కాళ్ల మీదే వేయాలి. అది లేకపోతే సందేశాలు ఒకసారి పోతాయి, ఒకసారి పోవు. చాలామంది ఆ దోషాన్ని రేడియో మీద వేసి కొత్తది కొంటారు.

ప్రోగ్రాంలో నిద్రకు ముందు రేడియోను పవర్ డౌన్ చేయాలి, ఏడీసీని (వోల్టేజీని అంకెగా మార్చే భాగాన్ని) ఆపేయాలి, నిద్ర లైబ్రరీలో బ్రౌన్-అవుట్ డిటెక్టర్‌ను (వోల్టేజీ పడిపోతే చిప్‌ను రీసెట్ చేసే కాపలాను) ఆఫ్ చేయాలి. ఇక లెక్క చూడండి. నిద్ర లేపే వాచ్‌డాగ్ టైమర్‌తో సహా నిద్రలో 6 మైక్రో ఆంపియర్లు. ఐదు నిమిషాలకోసారి 50 మిల్లీసెకన్ల పాటు 15 మిల్లీ ఆంపియర్లు, సగటున 2.5 మైక్రో ఆంపియర్లు. మొత్తం 8.5. ఏడాదికి 75 ఎంఏహెచ్ కూడా కాదు. ఇక మీ సెన్సర్ ఆయుష్షు సెల్స్ నిల్వ ఉండే కాలం మీద, అవి కారిపోకుండా ఉండటం మీద ఆధారపడుతుంది.

ఇంటి గోడలు మందంగా ఉండి సిగ్నల్ అందకపోతే ఎన్‌ఆర్‌ఎఫ్24కు బదులు 433 లేదా 868 మెగాహెర్ట్జ్‌లో పనిచేసే ఆర్‌ఎఫ్‌ఎం69 వాడండి. మీ దేశంలో లైసెన్సు లేకుండా వాడుకోవడానికి ఏ ఫ్రీక్వెన్సీ ఉందో చూసుకుని కొనాలి. యాంటెన్నాగా 433కు 17.3 సెంటీమీటర్లు, 868కి 8.6 సెంటీమీటర్ల తిన్నని తీగ చాలు.

ప్రశ్న: హెచ్‌సీ-ఎస్‌ఆర్501 పీఐఆర్‌ను (ఒంటి వేడిని బట్టి కదలికను పట్టే సెన్సర్‌ను), ఎన్‌ఆర్‌ఎఫ్24 రేడియోను ఒకే డబ్బాలో పెట్టి కదలిక సెన్సర్ కట్టాను. గదిలో ఎవరూ లేకపోయినా ప్రతి ఐదారు సెకన్లకూ "కదలిక ఉంది" అని పంపుతూనే ఉంది. పీఐఆర్ మార్చి చూశాను, అదే తీరు.

జవాబు: పీఐఆర్ మారిస్తే పోయే జబ్బు కాదు. ఇది ఒక వలయం. పీఐఆర్ లోపలి యాంప్లిఫయర్ చాలా సున్నితం, చాలా చిన్న సంకేతాన్ని ఎన్నో రెట్లు పెంచుతుంది. రేడియో సందేశం పంపేటప్పుడు ఒక్కసారిగా 11 మిల్లీ ఆంపియర్లకు పైగా గుంజి సెల్స్ వోల్టేజీని కుదుపుతుంది. ఆ కుదుపే పీఐఆర్‌కు మనిషిలా కనిపిస్తుంది. అది మళ్లీ రేడియోను లేపుతుంది, రేడియో మళ్లీ పీఐఆర్‌ను లేపుతుంది. మీకు కనిపిస్తున్న ఐదారు సెకన్ల లయ పీఐఆర్ అవుట్‌పుట్ నిలిచే సమయం, ఆ తర్వాత అది కళ్లు మూసుకునే రెండున్నర సెకన్లు కలిస్తే వచ్చేదే.

ముందు నిర్ధారించుకోండి. ప్రోగ్రాంలో రేడియో పంపే వరుసను తీసేసి, కదలిక వస్తే ఎల్ఈడీ వెలిగేలా మాత్రం చేయండి. ఖాళీ గదిలో ఎల్ఈడీ వెలగకపోతే తప్పు రేడియోదే. ఇప్పుడు రేడియోను తిరిగి కలిపి, పీఐఆర్‌కు వేరే సెల్స్ నుంచి కరెంటు ఇవ్వండి, గ్రౌండ్ మాత్రం కలపండి. తప్పుడు కదలికలు ఆగితే దోషం కరెంటు తీగల్లో ఉంది. ఆగకపోతే రేడియో తరంగం నేరుగా పీఐఆర్‌లోకి దూరుతోంది.

కరెంటు తీగల దోషానికి మందు చౌక. పీఐఆర్ ప్లస్ తీగలో 220 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి పెట్టి, రెసిస్టర్ దాటాక పీఐఆర్ వైపు ప్లస్‌కు, గ్రౌండ్‌కు మధ్య 220 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేయండి. పీఐఆర్ వాడేది 65 మైక్రో ఆంపియర్లు కాబట్టి రెసిస్టర్‌లో పోయే వోల్టేజీ 14 మిల్లీవోల్టులే. కానీ రేడియో కుదుపు మాత్రం అక్కడే ఆగిపోతుంది. తరంగం నేరుగా దూరుతుంటే రేడియో యాంటెన్నాను పీఐఆర్ నుంచి డబ్బా రెండో చివరకు జరపండి, పీఐఆర్ తీగలను పొట్టిగా మెలిపెట్టండి, వెనకవైపు రాగిరేకు అతికించి గ్రౌండ్‌కు కలపండి. లెన్స్‌ను మాత్రం కప్పకండి.

ఇవన్నీ చేసినా ప్రోగ్రాంలో ఒక కాపలా ఉండాలి: సందేశం పంపాక ఆ ఐదారు సెకన్ల లయ దాటేదాకా, మొదటిసారి కరెంటు ఇచ్చాక ఒక నిమిషం పీఐఆర్ మాట వినకూడదు.

మీరు అడగకపోయినా ఒక మాట. హెచ్‌సీ-ఎస్‌ఆర్501 బ్యాటరీకి తగిన సరుకు కాదు. దానికి 4.5 వోల్టులైనా కావాలి. జంపర్‌లో హెచ్ అని ఉన్న కాలుకు 3.3 వోల్టులు ఇచ్చి లోపలి రెగ్యులేటర్‌ను దాటవేయవచ్చు గానీ, 65 మైక్రో ఆంపియర్లంటే పీఐఆర్ ఒక్కటే ఏడాదికి 570 ఎంఏహెచ్ తింటుంది. ఏఎం312 అయితే 2.7 వోల్టుల దాకా పనిచేస్తుంది, 15 మైక్రో ఆంపియర్ల చుట్టుపక్కల వాడుతుంది, కాకపోతే చూపు మూడు నుంచి ఐదు మీటర్లే. డబ్బు పెట్టగలిగితే పానసోనిక్ ఈకేఎంబీ రకాలున్నాయి. వాటిలో 1 మైక్రో ఆంపియర్‌తో నడిచేవి కూడా ఉన్నాయి, 2.3 వోల్టుల దాకా దిగినా చూస్తూనే ఉంటాయి. రెండు ఏఏ సెల్స్‌కు సరిజోడు అదే.

ప్రశ్న: పీఐఆర్‌ను తలుపు ఎదురుగా గోడకు పెట్టాను. మనిషి లోపలికి వచ్చి మూడు నాలుగు అడుగులు వేసేదాకా పట్టుకోవడం లేదు. ఎండ మండే రోజుల్లో మరీ ఆలస్యం.

జవాబు: పీఐఆర్‌లో పక్కపక్కన రెండు పలకలుంటాయి. ఒక పలక మీది వేడి రెండోదాని మీదికి జారితేనే అది కదలిక. ఎదురుగా నడిచొచ్చే మనిషి వేడి రెండు పలకల మీదా ఒకేసారి పెరుగుతుంది, తేడా పుట్టదు. సెన్సర్‌ను పక్క గోడకు మార్చండి, మనిషి దాని చూపుకు అడ్డంగా దాటాలి. ఎత్తు రెండు మీటర్ల నుంచి 2.4 దాకా బాగుంటుంది. ఇక ఎండ సంగతి: గది 35 డిగ్రీలు దాటితే గోడకూ చర్మానికీ వేడిలో తేడా మిగలదు, అందుకే చూపు తగ్గుతుంది. దానికి సెన్సర్‌ను దారికి దగ్గరగా జరపడమే మార్గం. కిటికీ అద్దం వెనక నుంచి చూస్తుందని మాత్రం ఆశించకండి, ఈ పరారుణ కిరణాలు మామూలు అద్దం దాటవు.

ప్రశ్న: నా సెన్సర్ గోడ మీది థర్మామీటర్ కన్నా 3 డిగ్రీలు ఎక్కువ చూపిస్తోంది. ప్రోగ్రాంలో 3 తీసేస్తే సరిపోదా?

జవాబు: సరిపోదు. ఆ 3 డిగ్రీలు సెన్సర్ తప్పయితే ఎప్పుడూ 3గానే ఉంటాయి. డబ్బాలోని రేడియో, రెగ్యులేటర్ల వేడి అయితే ఎంతసేపు మేలుకుని ఉందన్నదాన్ని బట్టి మారుతుంటాయి. పరీక్ష ఇలా చేయండి: అరగంట నిద్రలో ఉంచి, లేవగానే రేడియో తెరవకముందే కొలవండి. తేడా పోయిందంటే అది సొంత వేడి. అప్పుడు వరుస మార్చండి: లేవగానే కొలత, ఆ తర్వాతే రేడియో. వేడి పైకి పోతుంది కాబట్టి సెన్సర్‌ను డబ్బా కింది అంచున, వీలైతే నాలుగు సన్నని తీగల మీద బయటికి వేలాడేలా పెట్టండి. డబ్బాకు కిందా పైనా రంధ్రాలుండాలి. బీఎంఈ280 సెన్సర్ వాడుతుంటే నార్మల్ మోడ్ వదిలి అడిగినప్పుడే కొలిచే ఫోర్స్‌డ్ మోడ్‌లోకి మార్చండి, నార్మల్‌లో ఆగకుండా కొలుస్తూ అది తనను తానే వేడి చేసుకుంటుంది.

ప్రశ్న: డీఎస్18బీ20 ఉష్ణోగ్రత సెన్సర్ అప్పుడప్పుడు 85 డిగ్రీలు చూపిస్తోంది. గది తగలబడిపోతోందేమోనని గుండె ఝల్లుమంటోంది.

జవాబు: 85 అనేది ఆ చిప్ కరెంటు అందుకోగానే తనలో ఉంచుకునే అంకె. కొలవడం పూర్తికాకముందే మీరు చదివేస్తున్నారు. 12 బిట్‌లలో కొలవడానికి 750 మిల్లీసెకన్లు, 9 బిట్‌లలో 94 మిల్లీసెకన్లు పడుతుంది. గదికి 10 బిట్‌లు, అంటే పావు డిగ్రీ మెట్టు, చాలు, 188 మిల్లీసెకన్లలో అయిపోతుంది. ఆ కాసేపూ ప్రాసెసర్‌ను కూడా పడుకోబెట్టండి. డేటా తీగకు 4.7 కిలో ఓమ్‌ల పుల్-అప్ (ప్లస్‌కు కట్టే రెసిస్టర్) తప్పదు. రెండు ఏఏ సెల్స్ మీద నేరుగా నడుపుతుంటే మాత్రం ఈ చిప్ వద్దు. దానికి కనీసం 3.0 వోల్టులు కావాలి, సెల్స్‌లో ఇంకా బోలెడంత ఉండగానే మొరాయిస్తుంది.

ప్రశ్న: మల్టీమీటర్‌ను మైక్రో ఆంపియర్ల రేంజిలో పెట్టి కలిపితే సెన్సర్ మాటిమాటికీ రీసెట్ అవుతోంది. నిద్ర కరెంటును కొలవడమెలా?

జవాబు: ఆ రేంజిలో మీటర్ లోపల వంద ఓమ్‌లో, అంతకన్నా ఎక్కువో ఉంటుంది. సెన్సర్ లేచి 15 మిల్లీ ఆంపియర్లు అడిగితే మీటర్‌లోనే 1.5 వోల్టులు పోతాయి, చిప్ పడిపోతుంది. మీటర్ రెండు మొనలకు అడ్డంగా చిన్న స్విచ్ పెట్టండి. స్విచ్ మూసి సెన్సర్‌ను లేవనివ్వండి, నిద్రపోయాక స్విచ్ తెరిచి అంకె చదవండి.

మీటర్‌ను నమ్మలేకపోతే కెపాసిటర్ పద్ధతి ఉంది, మాకు ఇదే ఎక్కువ ఇష్టం. సెల్స్‌తో పాటు 4700 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను సెన్సర్‌కు అడ్డంగా కలిపి పదిహేను నిమిషాలు ఉంచండి. సెన్సర్ నిద్రలో ఉండగా సెల్స్ తీసేసి, వోల్టేజీ ఎంత వేగంగా దిగుతుందో చూడండి. 60 సెకన్లలో 3.00 నుంచి 2.90కి దిగిందంటే కరెంటు 7.8 మైక్రో ఆంపియర్లు: కెపాసిటర్ విలువను దిగిన వోల్టులతో గుణించి, సెకన్లతో భాగించడమే. కెపాసిటర్ సొంత లీకేజీని కూడా సెన్సర్ లేకుండా ఇలాగే కొలిచి తీసివేయండి.

వచ్చిన అంకే దొంగ ఎవరో చెబుతుంది. ప్రో మినీలో 10 మైక్రో ఆంపియర్ల లోపు ఉంటే అంతా సవ్యం. 25 చుట్టుపక్కల ఉంటే బ్రౌన్-అవుట్ డిటెక్టర్ నడుస్తోంది. 200 పైన ఉంటే ఏడీసీ ఆగలేదు. 600 దాటితే 4.7 కిలో ఓమ్‌ల పుల్-అప్ ఉన్న కాలును ప్రోగ్రాం కిందికి లాగి పట్టుకుని ఉండొచ్చు. మిల్లీ ఆంపియర్లలో ఉంటే ఎల్ఈడీనో, రెగ్యులేటరో పీకడం మరిచిపోయారు.

ప్రశ్న: డబ్బా చిన్నదిగా ఉండాలని సీఆర్2032 బిళ్ల సెల్ వాడొచ్చా? లేదా ఒకే ఏఏ సెల్‌కు వోల్టేజీ పెంచే బూస్టర్ పెట్టొచ్చా?

జవాబు: బిళ్ల సెల్‌లో ఉండేది 220 ఎంఏహెచ్. ఉష్ణోగ్రత సెన్సర్‌కు, పైన చెప్పిన 8.5 మైక్రో ఆంపియర్ల లెక్కన రెండేళ్లకు పైగా చాలాలి. కానీ దాని లోపలి నిరోధం ఎక్కువ, పాతబడేకొద్దీ ఇంకా పెరుగుతుంది, రేడియో కుదుపుకు వోల్టేజీ కుప్పకూలుతుంది. 100 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ వేసి, మళ్లీ మళ్లీ పంపే ప్రయత్నాలను తగ్గించుకుంటే నెట్టుకురావచ్చు. వైఫైకి మాత్రం అసలు కుదరదు. బూస్టర్‌కు మా ఓటు లేదు. పని లేనప్పుడూ కరెంటు తింటుంది, దాని స్విచ్చింగ్ రొద పీఐఆర్‌ను, రేడియోను రెండింటినీ చెడగొడుతుంది.

ప్రశ్న: బ్యాటరీ ఎంత మిగిలిందో పంపాలి. ఈఎస్‌పీ8266 లోపలి వోల్టేజీ కొలత ఎప్పుడు చూసినా 3.3 అంటోంది.

జవాబు: అది రెగ్యులేటర్ దాటాక ఉన్న వోల్టేజీ, సెల్స్ చచ్చేముందు దాకా అలాగే అంటుంది. సెల్స్ ప్లస్ నుంచి 1 మెగా ఓమ్, అక్కడి నుంచి గ్రౌండ్‌కు 220 కిలో ఓమ్‌లు పెట్టి, మధ్య బిందువును ఈఎస్‌పీ-12ఎఫ్ ఏడీసీ కాలుకు, 0.1 మైక్రోఫారడ్‌తో సహా ఇవ్వండి. 4.8 వోల్టులు అక్కడ 0.87గా కనిపిస్తాయి, ఆ కాలు 1 వోల్టు దాకా తట్టుకుంటుంది. ఈ జంట తినేది 4 మైక్రో ఆంపియర్లు. ప్రో మినీలో అయితే రెసిస్టర్లు అక్కర్లేదు, లోపలి 1.1 వోల్టుల రిఫరెన్సును వీసీసీతో పోల్చి కొలవొచ్చు. ఏడీసీ 375 అంటే 1.1 గుణించు 1023 భాగించు 375, అంటే 3.0 వోల్టులు. ఆ 1.1 చిప్‌ను బట్టి 1.0 నుంచి 1.2 దాకా ఉండొచ్చు, మీటర్‌తో ఒకసారి సరిచూసి అసలు విలువను ప్రోగ్రాంలో రాయండి. ఎప్పుడు కొలిచినా రేడియో పంపిన వెంటనే కొలవండి. విశ్రాంతిలో ఉన్న సెల్ ఎప్పుడూ ఆరోగ్యంగానే కనిపిస్తుంది. ప్రో మినీ నడిచే 8 మెగాహెర్ట్జ్‌కు చిప్ తయారీదారు చెప్పే హద్దు 2.4 వోల్టుల దగ్గర ఉంటుంది కాబట్టి 2.5కు హెచ్చరిక పెట్టుకోండి.

ప్రశ్న: ఫ్రిజ్‌లో పెట్టిన సెన్సర్ రోజుకు నాలుగైదు సందేశాలే పంపుతోంది, అవి కూడా తలుపు తీసినప్పుడే.

జవాబు: ఇనుప పెట్టెలో పెట్టి పిలిస్తే బయటికి వినబడదు కదా! డబ్బాను, సెల్స్‌ను, రేడియోను బయటే ఉంచి, సన్నని తీగ ఉన్న వాటర్‌ప్రూఫ్ డీఎస్18బీ20ను తలుపు రబ్బరు సందులోంచి లోపలికి పంపండి. దీనికి మూడు సెల్స్, 3.3 వోల్టుల ఎంసీపీ1700 వాడాలి. మామూలు ఆల్కలైన్ సెల్స్ చలిలో నీరసిస్తాయి, అందుకు కూడా అవి బయట ఉండటమే మేలు. సెన్సర్ మొనను నీళ్లు నింపిన చిన్న సీసాలో ముంచి పెట్టండి, ఫ్రీజర్‌లో అయితే నీళ్లకు బదులు గ్లిజరిన్. లేకపోతే తలుపు తీసినప్పుడల్లా అంకె ఎగిరి దూకుతుంది. అది చూపించేది గాలి వేడిని, లోపల ఉన్న పదార్థాల వేడిని కాదు.